వెనక్కి తిరగడానికి చోటు: బ్రిటన్‌లో పందుల పెంపకం ప్రమాణాలు

పశు సంక్షేమం అనగానే మీకు ముందుగా కబేళా గుర్తుకు రావచ్చు. అయితే ఇరవయ్యో శతాబ్దం ద్వితీయార్ధంలో పంది మాంసం ఉత్పత్తిపై బ్రిటన్‌లో జరిగిన పెద్ద వివాదం వధ గురించినది కాదు. చూడి పంది తానున్న చోట వెనక్కి తిరగగలదా లేదా అన్నదే అక్కడి ప్రశ్న. ఈ ప్రశ్న చట్టంగా ఎలా మారిందో, ఆ చట్టం ఖర్చు ఎవరిపై పడిందో ఈ భాగంలో చూద్దాం.

ముందుగా ఆ చోటు ఎలా ఉండేదో తెలుసుకోండి. పంది చూడి కాలం సుమారు 114 రోజులు. మూడు నెలలు, మూడు వారాలు, మూడు రోజులు అని గుర్తుంచుకుంటే తేలిక. ఈ కాలమంతా దానిని ఇనుప కమ్ముల స్టాల్‌లో ఉంచేవారు. స్టాల్ వెడల్పు సుమారు 60 సెంటీమీటర్లు, పొడవు 2 మీటర్లు. పంది లేవగలదు, పడుకోగలదు, అంతే. కొన్ని చోట్ల మెడకో నడుముకో పట్టీ వేసి నేలకు కట్టేసేవారు. రైతు క్రూరుడు కనుక ఇలా చేశాడనుకుంటే పొరపాటు. గుంపులో పందులు మేత కోసం కొట్టుకుంటాయి, బలహీనమైనది పస్తు ఉంటుంది. స్టాల్‌లో ప్రతి పందికీ దాని వాటా అందుతుంది, ఒక్క మనిషి ఎక్కువ పందులను చూసుకోగలడు. మాంసంపై రేషన్ 1954 వరకు కొనసాగిన దేశంలో చవకగా, ఎక్కువగా ఉత్పత్తి చేయడమే రైతు కర్తవ్యంగా భావించారు.

1964లో రూత్ హారిసన్ రాసిన ‘యానిమల్ మెషీన్స్’ అనే పుస్తకం వెలువడింది. దానికి ముందుమాట రాసినది రేచల్ కార్సన్. యంత్రాల్లా చూస్తున్న కోళ్లు, దూడలు, పందుల గురించి చదివి ప్రజలు కలవరపడ్డారు. ప్రభుత్వం జంతు శాస్త్రవేత్త బ్రాంబెల్ అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించింది. 1965 నాటి నివేదికలో ఆ సంఘం కోరినవి చాలా చిన్న విషయాలు: జంతువు లేవడానికి, పడుకోవడానికి, తిరగడానికి, ఒళ్లు శుభ్రం చేసుకోవడానికి, కాళ్లు చాపుకోవడానికి వీలుండాలి. (మన దేశంలో 1960 నాటి జంతు హింస నివారణ చట్టం, కదలడానికి తగినంత చోటు లేని బోనులో జంతువును ఉంచడాన్ని అప్పటికే నేరంగా పేర్కొంది.)

సిఫారసు వచ్చినా స్టాళ్లు పోలేదు. 1968 చట్టం కింద మార్గదర్శక సూత్రాలు వచ్చాయి గాని, నిషేధం రాలేదు. ఈలోగా శాస్త్రజ్ఞులు వేరే కోణంలో పరిశీలించారు. ఎడిన్‌బరో దగ్గర స్టోల్బా, వుడ్‌గుష్ అనే ఇద్దరు పరిశోధకులు పెంపుడు పందులను చెట్లూ పొదలూ ఉన్న విశాలమైన ఆవరణలో వదిలారు. అవి రోజులో చాలా భాగం నేలను ముట్టెతో తవ్వుతూ గడిపాయి. ఈనే ముందు గుంపుకు దూరంగా వెళ్లి గడ్డీ కొమ్మలతో గూడు కట్టుకున్నాయి. తరతరాలుగా కొట్టాల్లో పెరిగినా ఆ స్వభావం పోలేదన్నమాట. ‘అలవాటైన జంతువుకు బాధ ఏముంటుంది’ అనే వాదన దీనితో బలహీనపడింది.

చివరికి 1991లో కొత్త స్టాళ్ల నిర్మాణాన్ని నిషేధించారు. పాతవాటిని 1998 చివరికల్లా తొలగించాలన్నారు. 1999 జనవరి 1 నుంచి బ్రిటన్‌లో స్టాలూ లేదు, కట్టివేతా లేదు. ఈనే సమయంలో వాడే బోనును మాత్రం ఈ నిషేధం తాకలేదు.

ఇక్కడే మీరు జాగ్రత్తగా గమనించవలసిన విషయం ఉంది. చట్టం పెంపకాన్ని నియంత్రించింది గాని అమ్మకాన్ని కాదు. ఐరోపా ఉమ్మడి మార్కెట్‌లో పొరుగు దేశాల మాంసాన్ని ఆపే అధికారం అప్పట్లో బ్రిటన్‌కు లేకపోయింది. కొట్టాలు మార్చడానికి అప్పు చేసిన బ్రిటిష్ రైతు, స్టాళ్లు ఇంకా వాడుతున్న దేశాల చవక మాంసంతో పోటీ పడవలసి వచ్చింది. తరువాతి దశాబ్దంలో బ్రిటన్‌లో తల్లి పందుల సంఖ్య బాగా పడిపోయింది. దీనికి నిషేధం ఒక్కటే కారణమనడం సరికాదు. బలమైన పౌండు, 2000లో స్వైన్ ఫీవర్, 2001లో గాలికుంటు వ్యాధి కూడా దెబ్బతీశాయి. అయినా భారం వినియోగదారుడి కంటే రైతుపైనే ఎక్కువ పడిందని చెప్పక తప్పదు. పంది స్వేచ్ఛ కోరిన ప్రజలే దుకాణంలో తక్కువ ధర పలికే బేకన్ కొన్నారు. డెన్మార్క్‌లో కొందరు రైతులు మాత్రం బ్రిటిష్ దుకాణాలు అడిగాయని స్టాళ్లు లేకుండా పెంచే ఒప్పందాలు కుదుర్చుకున్నారు. కొనేవాడు షరతు పెడితే అది సరిహద్దు దాటి కూడా పనిచేసిందన్నమాట.

యూరోపియన్ యూనియన్ అంతటా స్టాళ్లపై నిషేధం 2013లో అమలైంది. అదీ చూడి కట్టిన తొలి నాలుగు వారాలను మినహాయించి. బ్రిటిష్ రైతు పద్నాలుగేళ్లు మోసిన ఖర్చును ఎవరూ తిరిగి ఇవ్వలేదు.

అమ్మకాన్నే నియంత్రించే మార్గాన్ని అమెరికాలో కాలిఫోర్నియా ఓటర్లు 2018లో ఎంచుకున్నారు. తల్లి పందికి కనీసం 24 చదరపు అడుగుల చోటు ఇవ్వని ఫారం మాంసాన్ని, అది ఏ రాష్ట్రంలో పెరిగినా, తమ రాష్ట్రంలో అమ్మరాదన్నారు. ఇతర రాష్ట్రాల రైతులపై తమ ఇష్టాన్ని రుద్దుతున్నారని పంది మాంసం ఉత్పత్తిదారుల సంఘం కోర్టుకెక్కింది. 2023 మే నెలలో అమెరికా సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది.