పురిటి సంచి

నెలలు నిండిన ఆడపిల్ల ఉన్న ఇంట్లో తలుపు వెనుక చిలక్కొయ్యకు ఒక సంచి వేలాడుతూ ఉంటుంది. మా నెక్కొండలో దానికి ప్రత్యేకమైన పేరేమీ లేదు. ‘దవాఖాన సంచి’ అంటారు, అంతే. పొత్తిళ్ళు, పురుడు, చూలు, కానుపు, బాలింత అంటూ ప్రసవం చుట్టూ ఇంత పదసంపద గల తెలుగులో ఈ సంచికి మాత్రం పాత పేరు లేకపోవడానికి కారణం స్పష్టమే. పూర్వం సంచితో పని లేదు. చూలాలు ఎక్కడికీ వెళ్ళేది కాదు. మంత్రసానియే ఇంటికి వచ్చేది.

సంచి లేకున్నా జాబితా మాత్రం ఉండేది. అది చాలా పాతది. చరక సంహిత శారీరస్థానంలో జాతిసూత్రీయమనే ఎనిమిదవ అధ్యాయం ఉంది. తొమ్మిదవ నెల రాకముందే సూతికాగారం సిద్ధం చేయించాలని, అందులో ఏయే వస్తువులు చేరువలో ఉండాలో చెబుతుంది. నేయి, నూనె, తేనె, సైంధవ లవణం, శొంఠి, పిప్పళ్ళు, వస, ఇంగువ, ఆవాలు, వెల్లుల్లి, ఉలవలు. రెండు రాళ్ళు, రోళ్ళు, రోకళ్ళు. పదునైన ఇనుప పనిముట్లు. మారేడు కర్రతో చేసిన రెండు మంచాలు. నిప్పు రాజేయడానికి తుమికి, గార కట్టెలు. బొడ్డుతాడును నాభినుండి ఎనిమిది అంగుళాల మేర విడిచి, బంగారు, వెండి లేక ఇనుప కత్తితో కోసి, దారంతో కట్టాలని కూడా ఉంది. నొప్పులు పడుతున్న స్త్రీ చేత రోకలి పట్టించి దంపించాలని కొందరంటే, అది తగదని ఆత్రేయుడు ఖండించాడు. నాకు ఆ అధ్యాయంలో అన్నిటికంటె నచ్చినది ఈ ఖండనే.

ఆ పట్టికలో వస్తువులతోపాటు మనుషులు కూడా ఉన్నారు. పలుమార్లు కన్నవారు, స్నేహశీలురు, సమయానికి తోచిన పని చేయగలవారు అయిన స్త్రీలు అనేకులు దగ్గర ఉండాలన్నాడు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాను.

మన పల్లెల్లో ఇంత పట్టిక ఎవరికి సాధ్యం? పాత చీరలు ఉతికి ఆరవేసి చించిన పొత్తిళ్ళు, బిడ్డను పడుకోబెట్టడానికి చేట, కుంపటి, సాంబ్రాణి, వేన్నీళ్ళ కాగు, బాలింతకు శొంఠి, వాము, కాయం. కొత్త గుడ్డలు ముందుగా కొనేవారు కారు. ‘ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం’ అన్న వెక్కిరింత వెనుక ఉన్నది వేళాకోళమే కాదు, భయం కూడా. పుట్టిన బిడ్డ దక్కుతుందో లేదో అన్న భయం. ‘మంత్రసానితనానికి ఒప్పుకొన్నాక ఏది వచ్చినా పట్టాల్సిందే’ అన్న సామెతకు మనం నవ్వుతాం గాని, ఆ చేతులకు తగిన గౌరవమూ, తగిన కూలీ ఇచ్చిన ఊళ్ళు తక్కువ.

భయానికి కారణం ఆ జాబితాలోనే ఉంది. బొడ్డు కోసే పరికరం కొడవలియో, దొరికిన బ్లేడో. దాని మీది మురికితో వచ్చే ధనుర్వాతం వారం పదిరోజుల్లోనే బిడ్డను తీసుకుపోయేది. కాగిన నీళ్ళలో ఆ కత్తిని కూడా వేసి ఉంటే ఎన్ని ప్రాణాలు నిలిచేవో! తరువాతి కాలంలో ఆరోగ్య కార్యకర్తల ద్వారా చిన్న కాన్పు పొట్లాలు పంచారు. సబ్బు, కొత్త బ్లేడు, శుభ్రమైన దారం, ప్లాస్టిక్ గుడ్డ. నా దృష్టిలో పురిటి సంచికి మొదటి రూపం ఆ పొట్లమే. దానికి టీకాలు, ఆసుపత్రి కాన్పులు తోడై, తల్లులకూ నవజాత శిశువులకూ వచ్చే ధనుర్వాతం దేశంలో నిర్మూలన స్థాయికి చేరిందని 2015లో ప్రకటించారు.

1998–99 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు సగం కాన్పులే ఆసుపత్రుల్లో జరిగాయి. 2019–21 సర్వేలో తెలంగాణలో అది 97 శాతం. ఇరవై ఏళ్ళలో ఎంత మార్పు! 2005లో జననీ సురక్షా యోజన, అదే ఏడు 108 అంబులెన్సులు, 2011లో జననీ శిశు సురక్షా కార్యక్రమం వచ్చాయి. నెక్కొండ 1889లో బెజవాడ దాకా పూర్తయిన నిజాం రైలుమార్గం మీది ఊరు. రైలు ఎక్కితే వరంగల్లు. అక్కడ చందా కాంతయ్య స్మారక ప్రసూతి ఆసుపత్రి, పక్కనే హనుమకొండలో మరొకటి. రోడ్డున పోతే నర్సంపేట. నొప్పులు మాత్రం రైలు వేళలు చూసి రావు. అందుకే సంచి ముందే సర్ది ఉండాలి.

ఇప్పుడు అందులో ఏముంటాయి? పాత చీర ముక్కలు ఇప్పటికీ ఉంటాయి. వాటి మెత్తదనం కొత్త బట్టకు రాదని పెద్దవాళ్ళ నమ్మకం, నా నమ్మకం కూడా. నైటీలు, ప్యాడ్లు, దుప్పటి, ఫ్లాస్కు, గ్లాసు, చెంచా, కుల్లాయి, ఫోను ఛార్జరు. అన్నిటికంటె పైన ఒక ప్లాస్టిక్ కవరు, అందులో తల్లీబిడ్డల కార్డు, స్కానింగు కాగితాలు, ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం. శొంఠి స్థానాన్ని కాగితం ఆక్రమించింది. సంచి బరువు కూడా పెరిగింది. 2019–21 సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం కోత కాన్పులు, రాష్ట్రాలన్నిటిలోకీ అత్యధికం. మామూలు కాన్పుకు మూడు రోజులు, కోతకు ఏడు రోజులు ఉచిత భోజనం పెట్టాలని 2011 పథకమే లెక్కగట్టింది. ఏడు రోజుల బట్టలు, ఏడు రోజుల కూలి నష్టం! ఇది శుభశకునం కాదని నా అభిప్రాయం.

2017 జూన్‌లో అప్పటి తెలంగాణ ప్రభుత్వం సంచినే తానిస్తానంది. ప్రభుత్వ ఆసుపత్రిలో కన్న తల్లికి పదహారు వస్తువుల కేసీఆర్ కిట్; సబ్బు, నూనె, దోమతెర, బిడ్డ పరుపు, తల్లికి చీరలు. దాంతోపాటు మగబిడ్డ అయితే 12,000, ఆడబిడ్డ అయితే 13,000 రూపాయలు విడతలుగా. తమిళనాడు 2015లోనే ఇటువంటిది మొదలుపెట్టింది. వీటికి పెద్దక్క ఫిన్లాండు పెట్టె. 1937 చట్టంతో పేద తల్లులకు మొదలై, 1949 నుండి అందరికీ ఇస్తున్నారు. అడుగున పరుపు ఉండే ఆ అట్టపెట్టెయే బిడ్డకు తొలి ఊయల. షరతు ఒకటే, నాలుగో నెల దాటకముందే వైద్యపరీక్ష చేయించుకోవాలి. సంచి ఆశ చూపి గర్భిణిని వైద్యం దాకా నడిపించడమన్నమాట. మన కిట్టు సొమ్మును విడతలుగా పంచడంలోని కిటుకూ ఇదే. కాకుంటే కిట్టు కాన్పు తరువాత చేతికి వచ్చేది. ఇంటినుండి మోసుకుపోయే సంచి మోసుకుపోయేదే.

ఇక చరకుడి స్త్రీల మాట. సంచి పట్టుకొని వచ్చిన తల్లో, అత్తో, పెద్దమ్మో కాన్పు గది తలుపు దగ్గర ఆగిపోతుంది. సంచి కూడా ఆమెతోనే బయట కూర్చుంటుంది. లోపల పిల్ల ఒంటరి. 2017 చివర్లో కేంద్రం మొదలుపెట్టిన ‘లక్ష్య’ మార్గదర్శకాలు కాన్పు వేళ ఒక తోడును అనుమతించాలన్నాయి; ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అదే చెబుతున్నది. చరకుడు అనేకులను అడిగాడు, మనం ఒక్కరి కోసం మార్గదర్శకాలు వ్రాసుకుంటున్నాము.

కోస్తాలో, సీమలో, ఉత్తరాంధ్రలో ఈ సంచిని ఏమంటారో, పొత్తిళ్ళకు మీ ఇళ్ళలో ఏ మాట వాడతారో తెలిసినవారు వ్రాయగలరు.