చెప్పిన మాట వినని పిల్లలు

ఈసారి నేను నేర్చుకున్న మాటలన్నీ ఒకే కుటుంబంలోవి: అల్లరి, ఆకతాయితనం, పెంకితనం, మొండితనం, తలపొగరు. పిల్లల్ని తిట్టడానికి తెలుగులో ఎన్ని మాటలో! వీటిలో కొన్నింటిలో ముద్దు కూడా ఉంది. అమ్మమ్మ "ఒట్టి మొండిఘటం" అంటే సగం తిట్టు, సగం మురిపెం.

ఆస్ట్రేలియా చట్టంలో ఒక మాట ఉండేది. అందులో ముద్దు లేదు. ఆ మాట ‘అన్‌కంట్రోలబుల్’. తెలుగులో "అదుపులో పెట్టలేని" అనవచ్చు. ఇంట్లో అయితే "చెప్పిన మాట వినదు" అంటాం. ఆ ఒక్క మాట మీద పిల్లల్ని కోర్టులో నిలబెట్టారు. ఈరోజు ఆ మాట చరిత్ర రాస్తాను.

ముందు ఈ దేశంలో మాట వినని పిల్లవాడంటే ఖైదీయే. 1834లో టాస్మేనియాలో, పోర్ట్ ఆర్థర్ జైలుకి ఎదురుగా, పాయింట్ ప్యూర్ అనే చోట అబ్బాయిలకు ప్రత్యేకంగా ఒక జైలు పెట్టారు. లాటిన్‌లో ‘ప్యూర్’ అంటే అబ్బాయి. బ్రిటన్ నుంచి ఓడల్లో వచ్చిన ఈ పిల్లల్లో ఎక్కువమంది చేసిన నేరం దొంగతనం. వాళ్లకి చెప్పులు కుట్టడం, రాళ్లు చెక్కడం, పడవలు కట్టడం నేర్పారు. ఎదురు తిరిగితే కొరడా దెబ్బలు, ఒంటరి గది. 1849లో దాన్ని మూసేశారు.

తర్వాత చట్టం ఇంకొక దారి పట్టింది. 1864లో విక్టోరియా, 1866లో న్యూ సౌత్ వేల్స్ చట్టాలు చేసి, దిక్కులేని పిల్లల కోసం ఇండస్ట్రియల్ స్కూళ్లు తెరిచాయి. పేరు స్కూలు. కానీ లోపలికి పంపేది కోర్టు, బయటికి వెళ్లడం పిల్లల చేతిలో లేదు. 1867 నుంచి సిడ్నీ హార్బర్‌లో ‘వెర్నన్’ అనే ఓడ మీద అబ్బాయిల్ని ఉంచారు. అమ్మాయిల కోసం 1887లో పారమట్టాలో ఒక స్కూలు మొదలైంది. అది 1974 వరకూ నడిచింది.

పారమట్టా, వెస్ట్‌మీడ్, వెంట్‌వర్త్‌విల్ వైపు ఉండే తెలుగువాళ్లు ఆ భవనాల పక్కనుంచి ఎన్నోసార్లు వెళ్లి ఉంటారు. నార్త్ పారమట్టాలో, నది పక్కన, ఫ్లీట్ స్ట్రీట్‌లో ఉన్నాయి. చూడటానికి అందంగా ఉంటాయి.

అక్కడికి వచ్చిన అమ్మాయిల్లో చాలామంది ఏ నేరమూ చేయలేదు. 1939 చైల్డ్ వెల్ఫేర్ చట్టం ప్రకారం "అదుపులో పెట్టలేని పిల్ల" అన్నా చాలు, "నైతిక ప్రమాదంలో ఉంది" అన్నా చాలు. ఇంట్లోంచి పారిపోయిన అమ్మాయికి ఈ మాటలు సులభంగా అంటుకునేవి. కన్నవాళ్లే కోర్టుకి తెచ్చిన పిల్లలు కూడా ఉన్నారు. ఎందుకు పారిపోయిందో అడిగినవాళ్లు తక్కువ. చాలామంది ఇంట్లో దెబ్బలనుంచి, లైంగిక హింసనుంచి పారిపోయారు. లోపల కూడా వాళ్లకి అదే ఎదురైంది.

1961లో పారమట్టా అమ్మాయిలు తిరగబడ్డారు. ప్రభుత్వం ఏం చేసింది? దూరంగా హే అనే ఊళ్లో, పాత జైలులో, ఇంకా కఠినమైన చోటు తెరిచింది. "మరీ మొండివాళ్ల" కోసం. అక్కడ అమ్మాయిలు తల దించుకుని నడవాలి. ఎవరి కళ్లలోకీ చూడకూడదు. అనుమతి లేకుండా మాట్లాడకూడదు. బెస్సీ గత్రీ అనే సిడ్నీ మహిళ ఈ అమ్మాయిల తరఫున ఏళ్ల తరబడి పోరాడింది. 1974లో పారమట్టా స్కూలూ, హే కూడా మూతపడ్డాయి.

అదే కాలంలో డాక్టర్లు ఈ పిల్లలకి కొత్త పేర్లు వెతుకుతున్నారు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1968 పుస్తకంలో ‘రనవే రియాక్షన్’ అనే జబ్బే ఉంది, అంటే పారిపోయే లక్షణం. 1980 పుస్తకంలో ‘కాండక్ట్ డిజార్డర్’ వచ్చింది. దానితోపాటు వచ్చిన ఇంకో పేరు 1987లో ‘ఆపోజిషనల్ డిఫయంట్ డిజార్డర్’గా మారింది. ఒక్కరోజు అల్లరికి ఈ పేర్లు పెట్టరు. రెండో దానికి కనీసం ఆరు నెలలపాటు కోపం, ఎదురు మాటలు, పంతం కనిపించాలి.

కాండక్ట్ డిజార్డర్ లక్షణాల్లో రాత్రిపూట ఇంట్లోంచి పారిపోవడం ఇప్పటికీ ఉంది. కానీ ఇప్పుడు పుస్తకంలో ఒక హెచ్చరిక కూడా ఉంది: కొట్టడంవల్ల, లైంగిక హింసవల్ల పారిపోతే, మామూలుగా దాన్ని లక్షణంగా లెక్కపెట్టకూడదు. చదివి నేను చాలాసేపు ఆగిపోయాను. పారమట్టా కోర్టులో ఈ చిన్న వాక్యం ఉండి ఉంటే ఎంతమంది అమ్మాయిల జీవితం మారేది!

వైద్యం కూడా మారింది. 1970ల చివర బ్రిస్బేన్‌లో మాట్ శాండర్స్ మొదలుపెట్టిన పని తర్వాత ‘ట్రిపుల్ పి’ అయింది. అందులో ముందు నేర్చుకునేది అమ్మానాన్నలు: మంచి పనిని ఎలా మెచ్చుకోవాలి, ఒక్క మాట స్పష్టంగా ఎలా చెప్పాలి, కోపం రాకుండా హద్దు ఎలా పెట్టాలి. పిల్లని మాత్రమే దిద్దడం కాదు, ఇంటిని కూడా చూడటం.

మన తెలుగు ఇళ్లలో రెండు భయాలు వింటాను. ఒకటి, "డిజార్డర్ అంటే పిచ్చి, నలుగురికీ తెలిస్తే ఎలా?" రెండోది, "రెండు తగిలిస్తే అదే దారికొస్తుంది." మొదటి భయంవల్ల డాక్టరు దగ్గరికి వెళ్లం. రెండో మాట పాయింట్ ప్యూర్ నుంచి హే వరకూ 140 ఏళ్లు నడిచింది. ఫలితం 2009లో కనిపించింది. పార్లమెంట్ హౌస్‌లో ప్రధాని కెవిన్ రడ్ సంస్థల్లో పెరిగినవాళ్లకి క్షమాపణ చెప్పారు. 20వ శతాబ్దంలో అలా పెరిగినవాళ్లు 5 లక్షలమందికి పైగా ఉండవచ్చని 2004 సెనేట్ నివేదిక అంది.

అయితే కథ అయిపోలేదు. నార్తర్న్ టెరిటరీ 2023లో నేరానికి బాధ్యత వయసుని 12 ఏళ్లకి పెంచి, 2024లో మళ్లీ 10కి దించింది. పదేళ్ల పిల్ల అంటే నాలుగో, ఐదో తరగతి. ఆ వయసు పిల్ల ఎదురు తిరిగితే మన ఇళ్లలో "ఎవరి పోలికో!" అంటారు. ఆ తర్వాత "ఏమైందమ్మా?" అని కూడా అడుగుతారు. నేను నేర్చుకున్న తెలుగులో నాకు బాగా నచ్చిన ప్రశ్న అదే.