దిగడానికి చోటు

అమెరికాలో చిన్న విమానాలు నడిపే వాళ్ల మధ్య ఒక పాత జోకు ఉంది: వంద డాలర్ల హాంబర్గర్. శనివారం పొద్దున్నే తమ సెస్నా బయటికి తీసి, నూరు మైళ్ల అవతల ఏదో చిన్న ఊరి ఎయిర్‌పోర్టులో దిగి, అక్కడ ఒక బర్గర్ తిని, మళ్లీ ఎగిరి ఇంటికొస్తారు. బర్గర్ ఖరీదు కొంచెమే, మిగతాదంతా పెట్రోలు. (ఈ ధరల్లో వంద డాలర్లకు అయ్యే పని కాదు గానీ పేరు అలాగే ఉండిపోయింది.) ఇంకొంచెం పిచ్చి ఉన్నవాళ్లు ఒకే రోజులో ఏడెనిమిది ఎయిర్‌పోర్టులు చుట్టేస్తారు. వర్జీనియాలోనైతే రాష్ట్ర ప్రభుత్వమే ఇందుకోసం ఒక పాస్‌పోర్టు పుస్తకం పెట్టింది. వెళ్లిన ప్రతి ఎయిర్‌పోర్టులో ముద్ర వేయించుకోవచ్చు. ఎవరినీ కలిసేది లేదు, ఏ పనీ లేదు. దిగడం కోసమే దిగడం.

ఇదే పని మా మంచిర్యాల వైపు చేయొచ్చా అని ఒకరోజు మ్యాపు ముందేసుకుని కూర్చున్నాను. మంచిర్యాలలో రన్‌వే లేదు. గోదావరి దాటి, గోదావరిఖని, ఎన్టీపీసీ మీదుగా పోతే రాజీవ్ రహదారి మీద బసంత్‌నగర్ వస్తుంది. అక్కడ ఉంది. అక్కణ్ణుంచి దక్షిణంగా వరంగల్ పక్కన మామునూరు, గాల్లో సుమారు 90 కిలోమీటర్లు. మామునూరు నుంచి బేగంపేట 130. బేగంపేట నుంచి బీదర్ 115. బీదర్ నుంచి పైకి ఆదిలాబాద్ 225. ఆదిలాబాద్ నుంచి మళ్లీ బసంత్‌నగర్ 140. మొత్తం 700 కిలోమీటర్లు, ఐదు రన్‌వేలు. ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువగా తయారైన విమానం సెస్నా 172. నలుగురు పట్టే ఆ విమానం గంటకు 200 కిలోమీటర్ల పైనే పోతుంది. అంటే మూడున్నర గంటల ప్రయాణం. ట్యాంకు నిండా పోస్తే మధ్యలో మళ్లీ పోయాల్సిన పని కూడా లేదు. పొద్దున ఇడ్లీ తిని బయల్దేరితే చీకటి పడకముందే ఇల్లు చేరొచ్చు.

కాగితం మీద ఇంత సులువైన ప్రయాణం నిజంలో ఎందుకు కాదో చెప్పాలంటే, ఈ ఐదు రన్‌వేలు ఎవరు ఎవరి కోసం వేశారో చెప్పాలి.

బసంత్‌నగర్‌తోనే మొదలుపెడదాం. బిర్లాల కేశోరాం సిమెంట్ ఫ్యాక్టరీ ఇక్కడ 1969లో మొదలైంది. ఊరి పేరు కూడా బసంత్ కుమార్ బిర్లా పేరులోంచి వచ్చిందే అంటారు. అంతకు ఎనిమిదేళ్ల ముందు, 1961లో, సింగరేణి గోదావరిఖని వైపు బొగ్గు తీయడం మొదలుపెట్టింది. 1978 నవంబరులో మొరార్జీ దేశాయ్ రామగుండంలో ఎన్టీపీసీకి శంకుస్థాపన చేశారు, 1983లో మొదటి యూనిట్ నడిచింది. ఈ మధ్యలోనే, 1980లో, ఎరువుల కర్మాగారం. ఇరవై రెండేళ్లలో ఇన్ని పొగగొట్టాలు లేచాయి గానీ, ఒక్కదాని హెడ్డాఫీసూ ఇక్కడ లేదు. సిమెంటుది కలకత్తా, కరెంటుదీ ఎరువులదీ ఢిల్లీ, చివరికి బొగ్గుది కూడా కొత్తగూడెం. దూరం నుంచి వచ్చి, చూసి, సంతకం పెట్టి, అదే రోజు తిరిగిపోవాల్సిన మనుషులు ఉన్న చోట రన్‌వేకు అర్థం ఉంటుంది. ఫ్యాక్టరీ పక్కన రన్‌వే వచ్చింది.

1980లలో ఆ రన్‌వే మీదికి వాయుదూత్ వచ్చింది. 1981 జనవరిలో ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ కలిసి పెట్టిన ప్రభుత్వ సంస్థ అది. మొదట ఈశాన్య రాష్ట్రాల కోసం అనుకున్నారు. తర్వాత దేశంలో ఎక్కడ చిన్న రన్‌వే కనబడితే అక్కడికి పంపారు. రాజమండ్రికి వచ్చింది, రామగుండానికీ వచ్చింది. మా వైపు పెద్దవాళ్లు 'బసంత్‌నగర్ కాడికి విమానం వచ్చేది' అని ఇప్పటికీ అంటారు. కొత్తవాళ్లు నమ్మరు. వాయుదూత్ నడిపిన వాటిలో డోర్నియర్ 228 ఒకటి. 19 సీట్లు, రెండు ప్రొపెల్లర్లు, జర్మన్ డిజైనుతో కాన్పూర్‌లో హెచ్‌ఏఎల్ తయారుచేసింది. ఆ విమానంలో క్యాబిన్‌లోకి గాలి ఎక్కించే ఏర్పాటు ఉండదు, కాబట్టి మరీ ఎత్తుకు పోదు. కిటికీలోంచి చెరువులూ రైలు పట్టాలూ బస్సులూ కనబడుతూనే ఉంటాయి.

అందులో ఎక్కిందెవరు? బాయిలకు దిగేవాళ్లు కాదు. ఇక్కడ గనిని బాయి అంటాం. మూడు షిఫ్టుల్లో వేలమంది రోజూ దిగుతూనే ఉండేవారు. ఆ మనిషి హైదరాబాద్ పోవాలంటే మంచిర్యాలలోనో రామగుండంలోనో రైలెక్కేవాడు. కాజీపేట మీదుగా నాలుగైదు గంటలు. ఆ లైను 1929కే బల్లార్షా దాకా పూర్తయింది. వాయుదూత్ నష్టపోవడానికి కారణం కూడా కొంత ఆ రైలే. విమానం పైకి లేచేటప్పుడే ఎక్కువ ఇంధనం తాగుతుంది. 170 కిలోమీటర్ల ప్రయాణంలో లేచి సర్దుకునేలోపే దిగే టైమైపోతుంది. 19 సీట్లూ నిండినా ఆ ఖర్చు పంచుకునేది 19 మందే. 1993లో వాయుదూత్‌ను ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిపేశారు. బసంత్‌నగర్ రన్‌వే మిగిలింది.

ఇక్కడ కాస్త వెనక్కి పోవాలి. ఒకప్పుడు చిన్న ఎయిర్‌ఫీల్డు సరదా కాదు, అవసరం. 1932 అక్టోబరు 15న జేఆర్డీ టాటా కరాచీ నుంచి ఒక పస్ మాత్ విమానంలో టపా మూటలు వేసుకుని బయల్దేరి, అహ్మదాబాద్‌లో దిగి, బొంబాయి చేరారు. అహ్మదాబాద్‌లో ఆ విమానానికి పెట్రోలు డబ్బాలు ఎడ్లబండి మీద వచ్చాయి. బొంబాయి నుంచి నెవిల్ వింట్సెంట్ బళ్లారి మీదుగా మద్రాసు తీసుకెళ్లాడు. బళ్లారిలో ఆగింది ప్రయాణికుల కోసం కాదు, అంతకంటే ఎక్కువ దూరం ఒక్క ఊపులో పోవడం ఆ విమానానికి కష్టం కాబట్టి. కొన్నేళ్లకు బళ్లారికి బదులు హైదరాబాద్ మజిలీ అయింది. విమానం పస్ మాత్ అంత ఉన్నన్నాళ్లూ దారిలో ఉన్న ఊళ్లకు విలువ. విమానం పెద్దదయ్యే కొద్దీ ఆ ఊళ్లు కిందే ఉండిపోయాయి.

అదే జేఆర్డీ ఆ ప్రయాణానికి 50 ఏళ్లు నిండిన రోజు, 1982లో, 78 ఏళ్ల వయసులో, లెపర్డ్ మాత్ అనే అలాంటి పాత విమానంలోనే ఒంటరిగా కరాచీ నుంచి బొంబాయికి మళ్లీ వచ్చారు. మన దేశంలో సరదా కోసం ఒక్కరోజులో చిన్న విమానంతో చేసిన ప్రయాణాల్లో నాకు బాగా ఇష్టమైనది ఇదే. అయితే ఆయన జేఆర్డీ. దిగడానికి చోటు అడిగితే కాదనేవాళ్లు లేరు.

రెండో మజిలీ మామునూరు. చివరి నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలం నాటిది. దీనికి ఉన్న చరిత్ర ఐదింట్లోకీ చీకటిది. 1948లో భారత ప్రభుత్వం హైదరాబాద్ సంస్థానం చుట్టూ దారులు బిగించినప్పుడు, సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా పైలట్ లాంకాస్ట్రియన్ విమానాల్లో కరాచీ నుంచి నిజాంకు ఆయుధాలు మోశాడు. అవి దిగిన చోట్లలో బీదర్, వరంగల్ ఉన్నాయి. వరంగల్, నల్లగొండ పల్లెల్లో అప్పటికి రెండేళ్లుగా రైతులు తిరగబడి ఉన్నారు. వాళ్ల తలల మీదుగా వచ్చిన తుపాకులు ఎవరి చేతుల్లోకి పోయేవో చెప్పక్కర్లేదు. సెప్టెంబరు 13న పోలీసు చర్య మొదలవగానే భారత వైమానిక దళం ఈ రెండు ఎయిర్‌ఫీల్డుల మీద బాంబులు వేసింది. తర్వాత లండన్‌లో కాటన్ మీద కేసు నడిచి, 200 పౌండ్ల జరిమానాతో ముగిసింది. అన్ని విమానాల తుపాకులకు అంత.

బేగంపేట గురించి అందరికీ ఎంతో కొంత తెలుసు కాబట్టి ఒక్క ముచ్చట చెప్పి వదిలేస్తాను. 1945లో నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి డెక్కన్ ఎయిర్‌వేస్ పెట్టారు. ఎక్కువ వాటా నిజాం ప్రభుత్వానిది. దేశంలో తొలి మహిళా కమర్షియల్ పైలట్ ప్రేమ్ మాథుర్‌కు చాలా కంపెనీలు ఉద్యోగం ఇవ్వమన్నాక 1947లో తీసుకున్నది ఈ కంపెనీయే. డెక్కన్ ఎయిర్‌వేస్ డకోటాలు నాగపూర్ మీదుగా ఢిల్లీకి నడిచాయి. బేగంపేట నుంచి నాగపూర్‌కు గీత గీసి చూడండి, ఆదిలాబాద్‌కు కాస్త తూర్పుగా, మా అడవుల మీదుగా పోతుంది. రెండిటి మధ్యలో ఆగాల్సిన పని డకోటాకు లేదు. 1953లో మిగతా కంపెనీలతో పాటు దీన్నీ జాతీయం చేసి ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిపారు.

2008 మార్చి 23న శంషాబాద్ తెరుచుకుంది, బేగంపేటలో మామూలు ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి. శంషాబాద్ ఒప్పందంలోనే ఒక షరతు ఉంది: 150 కిలోమీటర్ల లోపల పాతికేళ్ల పాటు ఇంకో ఎయిర్‌పోర్టు కొత్తగా రాకూడదని. వరంగల్‌కు విమానం రాకపోవడానికి ఇన్నాళ్లూ చెప్పిన కారణం ఇదే. నేను కొలిస్తే శంషాబాద్ నుంచి మామునూరు సుమారు 145 వచ్చింది. ఐదు కిలోమీటర్ల తేడాలో పడిపోయింది! కానీ బసంత్‌నగర్ 190 పైన, ఆదిలాబాద్ 265 పైన. ఈ రెండిటికీ ఆ షరతు వర్తించదు. అంటే వీటికి అడ్డుపడింది కాగితం కాదు. ఎవరికీ అంత అవసరం అనిపించలేదు, అంతే. 2017 ఏప్రిల్‌లో ఉడాన్ పథకం మొదలైన రోజే కడప, నాందేడ్ నుంచి హైదరాబాద్‌కు విమానాలు నడిచాయి. రెండూ చిన్న ఊళ్లే.

బీదర్ వైమానిక దళం శిక్షణ కేంద్రం. 2020లో కొన్నాళ్లు బెంగళూరు విమానం కూడా వచ్చింది. సరదాగా దిగుతానంటే వాళ్లు ఒప్పుకునే చోటు కాదు, కాబట్టి మన ప్రయాణంలో బీదర్ మీద ముందే కొట్టివేత పడింది. ఆదిలాబాద్‌ది కూడా నిజాం కాలం నాటి మైదానమే, భూమి వైమానిక దళం చేతిలో ఉంది. పౌర విమానాలకు వాడుకోవచ్చని 2025లో ఒప్పుకున్నారు. మామునూరుకూ అదే ఏడాది కేంద్రం అనుమతి వచ్చింది. అక్కడ ఉన్న 696 ఎకరాలకు తోడు ఇంకో 253 ఎకరాలు కావాలని రాష్ట్రం 205 కోట్లు కేటాయించింది. ఆ 253 ఎకరాల్లో పొలాలున్న రైతులు రోడ్డెక్కి అడిగింది విమానం వద్దని కాదు, భూమికి భూమి ఇవ్వమని, లేదా ధరైనా సరిగ్గా కట్టమని. రామగుండానికి మాత్రం బసంత్‌నగర్‌ను పక్కనపెట్టి అంతర్గాం వైపు చూస్తున్నారు.

ఈ వార్తలు చదివినప్పుడల్లా నాకు వాయుదూత్ 19 సీట్లు గుర్తొస్తాయి. ఇవాళ ఈ జిల్లాల నుంచి విమానం ఎక్కే మనిషి అప్పటి ఇంజనీరు దొర కాదు. దుబాయికో మస్కట్‌కో పోయే వలస కార్మికుడు. జగిత్యాల, పెద్దపల్లి, మంచిర్యాల ఊళ్ల నుంచి ఇంటిల్లిపాదీ ఒక బండి మాట్లాడుకుని, రాత్రంతా ప్రయాణం చేసి, శంషాబాద్ గేటు దగ్గర ఏడ్చి వెనక్కి వస్తారు. అంతర్గాంలో దిగే చిన్న విమానం ఆ ఒక్క రాత్రిని తగ్గిస్తుందా, లేక ఇంకో సంతకం పెట్టి పోయేవాళ్లకే పనికొస్తుందా అన్నది రన్‌వే పొడవును బట్టి తేలదు. టికెట్ ధరను బట్టి తేలుతుంది.

సరే, మన సెస్నా. ఇలాంటి చిన్న విమానాలు తాగే ఏవ్‌గ్యాస్ అనే పెట్రోలు 2022 దాకా దేశంలో తయారే కాలేదు, అంతా దిగుమతి. ఆ ఏడాది ఇండియన్ ఆయిల్ వడోదర రిఫైనరీలో చేయడం మొదలుపెట్టింది. బయల్దేరేముందు ఫ్లైట్ ప్లాన్ ఇవ్వాలి, వైమానిక రక్షణ విభాగం నంబరు తీసుకోవాలి, దిగే ప్రతిచోటా అక్కడి యజమాని ఒప్పుకోవాలి. కంటితో చూస్తూ నడిపే విమానం సూర్యాస్తమయం దాటాక ఇరవై నిమిషాలకు మించి గాల్లో ఉండకూడదు. మే నెలలో అసలు వద్దు. రామగుండం ఎండకు గాలి పలచబడి, విమానం లేవడానికి ఇంకా పొడుగు రన్‌వే అడుగుతుంది. డిసెంబరు మంచిది, పొద్దున మంచు ఒక్కటే విడవాలి.

డిసెంబరులోనే అనుకుందాం. ఆదిలాబాద్ నుంచి ఆఖరి 140 కిలోమీటర్లు, నలభై నిమిషాలు. సగం దాకా అడవి, తర్వాత మందమర్రి, శ్రీరాంపూర్ ఓపెన్‌కాస్టులు. తవ్విపోసిన ఓబీ మట్టి గుట్టలుగా లేచి ఉంటుంది, కొన్నిటి మీద చెట్లు కూడా వచ్చాయి. వాటి వెనక మంచిర్యాల, రైల్వే బ్రిడ్జి, పడమటి వెలుతురులో ఎల్లంపల్లి నీళ్లు. నది దాటగానే ఎన్టీపీసీ పొగగొట్టాల మీద ఎర్ర దీపాలు వెలుగుతుంటాయి. వాటికి దూరంగా తిరిగి, బసంత్‌నగర్ మీదుగా ఒక చుట్టు కొట్టి కిందికి చూస్తే రన్‌వే గీత ఒక్కటే కనబడుతుంది. దాని పక్కన దీపాలు లేవు.