ఆర్లెటీకి జరిగిన తీర్పు

1945వ సంవత్సరము మార్చి 9వ తేదీన పారిస్ నగరమున 'లే జాంఫాన్ ద్యు పారాదీ' యను చలనచిత్రము తొలిసారి ప్రదర్శింపబడెను. ఫ్రెంచి భాషలో వెలసిన చిత్రములలో దీనిని మిన్నగా నెంచువారు నేటికిని పెక్కుమంది. ఆ పేరునకు 'స్వర్గపు బిడ్డలు' అని యర్థము. అచటి నాటకశాలలలో పైకప్పు నంటియుండు చౌక టిక్కెట్ల మెట్లను స్వర్గమందురు. మన పేదలకు నేల దక్కినది, వారికి స్వర్గము దక్కినది! ఆ ప్రదర్శనమునకు ప్రధాన నటి ఆర్లెటీ రాలేదు. అప్పటికామె ప్రభుత్వ నిర్బంధములో నుండెను.

జర్మనులు ఫ్రాన్సు నాక్రమించిన దినములలో ఆమె సోరింగ్ అను జర్మను వైమానికాధికారిని ప్రేమించెను. పారిస్ విముక్తమైన పిమ్మట, 1944 అక్టోబరులో, ఆమెను చెఱపట్టి ద్రాన్సీ, ఫ్రేన్ చెఱసాలలలో నుంచిరి. అటుతరువాత ఒక పల్లెలోని కోటలో నిలిపిరి. శత్రువులతో స్నేహము చేసిరని ఆ కాలమున సుమారు 20,000 మంది ఫ్రెంచి స్త్రీలకు తలలు గొరిగిరి. పలువురను వీధులలో ద్రిప్పిరి. స్త్రీని శిక్షింపదలచినపుడు లోకమునకు మొదట ఆమె జుట్టే తోచుట మన వితంతువుల గతి నెఱిగినవారికి వింత గాదు.

ఆక్రమణమును తేలికగా నెంచుమని మేమనుట లేదు. ఈ చిత్రమునకు రంగాలంకరణము కూర్చిన త్రౌనేర్, సంగీతమున పాలుగొన్న కోస్మా యూదులు. 1940 అక్టోబరు నాటి శాసనము యూదులను చలనచిత్రవృత్తినుండి వెడలగొట్టినందున, వారు నీస్ నగర ప్రాంతమున దాగి పనిచేసిరి. బార్సాక్, తిరియే అనువారు బయట నిలిచి వారి పనికి అండయైరి. దర్శకుడు కార్నే, రచయిత ప్రేవేర్ ఆ సాహసమునకు పూనుకొనిరి. దొరికిన యెడల ప్రాణములకే ముప్పు.

ఇదే చిత్రమున పాతబట్టల వర్తకుని వేషమునకు మొదట కుదిరిన నటుడు లె వీగాన్. అతడు రేడియోలో యూదులపై విషము గ్రక్కినవాడు. 1944లో జర్మనీకి పారిపోగా, ఆ వేషమును ప్యేర్ రెన్వార్ ధరించెను. 1946లో న్యాయస్థానము లె వీగానునకు పదేండ్ల కఠినశిక్ష విధించెను. అతడు శిక్షింపబడినది తన మాటలకు. ఆర్లెటీ శిక్షింపబడినది తన వలపునకు. ఈ రెంటిని ఒకే త్రాసున వేసినవారి న్యాయము మాకు రుచింపదు. ఆమె నిందార్హురాలు కాదని వాదింపము. కాని నింద వేఱు, చెఱ వేఱు.

ఆమె ధరించిన గారాన్స్ పాత్ర కూడ ధనమునకు గాని, హోదాకు గాని లొంగని స్త్రీయే. కథారంభమున ఒకని గడియారము దొంగిలించెనని ఆమెపై నేరము మోపుదురు. జాన్ లూయీ బరో నటించిన మూకాభినేత బాతీస్తు జరిగినదంతయు మాటలేక అభినయించి, ఆమెను విడిపించును.

1949లో ఆర్లెటీ మరల తెరపై గనబడెను. 1992లో, తన 94వ యేట మరణించెను. గారాన్స్ వంటి వేషము మఱి రాలేదు.