వైద్యానికి గంజాయి: చట్టంలో తలుపు ఉంది, రోగికి దారి లేదు

హౌరా నుంచి సుమారు 115 కిలోమీటర్ల దూరంలో, హౌరా–చెన్నై ప్రధాన రైలుమార్గం మీద ఉన్న పట్టణం ఖరగ్‌పూర్. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో ఇక్కడ వర్క్‌షాపు, రైల్వే కాలనీలు వెలిశాయి. ఉత్తరాంధ్ర నుంచి పనికోసం వచ్చిన తెలుగువారు ఖరిదా వంటి పేటల్లో తరతరాలుగా స్థిరపడ్డారు. పెద్ద జబ్బు చేస్తే ఇక్కడివారు కోల్‌కతా వెళ్లాలన్నా, సొంతవాళ్లున్న విశాఖ వెళ్లాలన్నా ఈ లైనే ఆధారం. ఆంధ్ర–ఒడిశా సరిహద్దు మన్యంలో పండే గంజాయి దొంగచాటుగా ఉత్తరాదికి చేరే దారుల్లో కూడా ఇదొకటి.

అందుకే ఈ లైను పొడవునా గంజాయి అన్న మాట వినగానే గుర్తొచ్చేవి తనిఖీలు, కేసులు, జైలు. మరోవైపు అదే మొక్క నుంచి తీసిన మందులను కొన్ని దేశాల్లో డాక్టర్లు మూర్ఛకు, కీమోథెరపీ వాంతులకు, కండరాల బిగుతుకు రాస్తున్నారు. ఇంట్లో క్యాన్సర్ రోగి గానీ, మందులకు లొంగని మూర్ఛ ఉన్న బిడ్డ గానీ ఉన్నవారికి సహజంగానే ఒక సందేహం వస్తుంది. ఆ మందు మన దేశంలో చట్టప్రకారం దొరుకుతుందా? దొరక్కపోతే అడ్డుపడుతున్నది ఏమిటి?

చట్టం ఏమంటోంది?

మాదకద్రవ్యాల నియంత్రణకు 1985లో ఎన్‌డీపీఎస్ చట్టం వచ్చింది. గంజాయిని ఈ చట్టం పూర్తిగా నిషేధించిందన్నది చాలామంది అభిప్రాయం. అది సగమే నిజం. చట్టంలోని 8వ సెక్షన్ సాగు, తయారీ, నిల్వ, అమ్మకం, రవాణా, వాడకాలను నిషేధిస్తూనే వైద్య, శాస్త్రీయ అవసరాలను మినహాయించింది. అయితే ఆ మినహాయింపు చట్టంలోనూ, దాని కింద చేసిన నిబంధనల్లోనూ చెప్పిన పద్ధతిలోనే, చెప్పిన మేరకే వర్తిస్తుంది. 10వ సెక్షన్ ప్రకారం గంజాయి మొక్క సాగును, చరస్ మినహా మిగతా ఉత్పత్తులను అనుమతించి నియంత్రించే అధికారం రాష్ట్ర ప్రభుత్వాలది. నార కోసం, విత్తనాల కోసం సాగుకు అనుమతిచ్చే అధికారం 14వ సెక్షన్ కింద ప్రభుత్వానికి ఉంది.

చట్టం దృష్టిలో గంజాయి అంటే మొక్క పూత, కాపు ఉన్న కొనలు. వాటితో కలిసి లేని ఆకులు, గింజలు ఈ నిర్వచనంలోకి రావు. చరస్ అంటే మొక్క జిగురు. ఆకులతో చేసే భంగు ఎన్‌డీపీఎస్ పరిధిలోకి రాకపోవడానికి కారణం ఇదే. దాన్ని రాష్ట్రాల ఎక్సైజ్ చట్టాలు నియంత్రిస్తాయి.

శిక్షలు పరిమాణాన్ని బట్టి ఉంటాయి. గంజాయి కిలో వరకు ఉంటే ఏడాది దాకా జైలు, లేదా రూ.10 వేల వరకు జరిమానా, లేదా రెండూ. 20 కిలోలు మించితే కనీసం 10 ఏళ్లు, గరిష్ఠంగా 20 ఏళ్ల జైలు, లక్ష రూపాయలకు తగ్గని జరిమానా. సొంత వాడకానికి కూడా ఆరు నెలల దాకా జైలు పడవచ్చు. నొప్పి తగ్గుతుందని వాడానన్న మాట కోర్టులో రక్షణగా పనికిరాదు. ఎందుకంటే ఆ వాడకానికి దారి చూపే నిబంధన లేదు. రోగులకు గంజాయి మందు అందించే పథకం ఏ రాష్ట్రంలోనూ లేదు.

కలకత్తాలో మొదలైన వైద్యం

ఆధునిక వైద్యంలోకి గంజాయి ప్రవేశించింది బెంగాల్ నుంచే. కలకత్తా మెడికల్ కాలేజీలో పనిచేసిన ఐరిష్ వైద్యుడు విలియం బ్రూక్ ఓషానెస్సీ, స్థానిక వైద్యుల వాడకాన్ని గమనించి ముందు జంతువుల మీద, తర్వాత రోగుల మీద దాన్ని పరీక్షించారు. కీళ్లవాతం, ధనుర్వాతం, పసిపిల్లల ఫిట్స్, కుక్కకాటు వల్ల వచ్చే హైడ్రోఫోబియా ఉన్నవారికి ఇచ్చి చూసి, ఫలితాలను 1839లో ప్రచురించారు. హైడ్రోఫోబియా రోగి బతకలేదు గానీ చివరి ఘడియల్లో అతని బాధ తగ్గిందని ఆయన నమోదు చేశారు. నయం చేయలేకపోయినా బాధ తగ్గించవచ్చన్న ఆ పరిశీలనే నేటి చర్చకూ ఆధారం. ఆ తర్వాత ఈ మందు ఐరోపా, అమెరికా మందుల దుకాణాలకు చేరింది.

1893లో బ్రిటిష్ ప్రభుత్వం నియమించిన ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్ దేశవ్యాప్తంగా సుమారు 1,200 మంది సాక్షులను విచారించింది. మితమైన వాడకం వల్ల పెద్దగా హాని లేదని, అతిగా వాడితే హాని ఉందని, పూర్తి నిషేధం కంటే నియంత్రణ మేలని తేల్చింది. నిషేధం వైపు మళ్లింపు ఆ తర్వాతి కాలపు అంతర్జాతీయ ఒప్పందాలతో, ముఖ్యంగా 1961 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడికతో వచ్చింది. అందులో గంజాయిని అత్యంత ప్రమాదకరమైన, వైద్య విలువ అంతగా లేని పదార్థాలుండే నాలుగో షెడ్యూలులో కూడా చేర్చారు. 2020 డిసెంబరు 2న ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల కమిషన్ 27–25 ఓట్ల తేడాతో దాన్ని ఆ షెడ్యూలు నుంచి తొలగించింది. తొలగింపుకు అనుకూలంగా ఓటేసిన దేశాల్లో భారత్ ఒకటి.

ఏది రుజువైంది, ఏది కాలేదు

గంజాయి క్యాన్సర్‌ను నయం చేస్తుందన్న ప్రచారానికి రుజువు లేదు. దాన్ని నమ్మి చికిత్స ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. అలాగని మొక్కలో ఔషధ గుణమే లేదనడమూ సరికాదు. అమెరికా జాతీయ అకాడమీలు 2017లో వెలువరించిన సమీక్ష మూడు చోట్ల గట్టి ఆధారాలు ఉన్నాయని చెప్పింది: పెద్దవారిలో దీర్ఘకాలిక నొప్పి, కీమోథెరపీ వల్ల వచ్చే వికారం–వాంతులు, మల్టిపుల్ స్క్లెరోసిస్ రోగులు చెప్పే కండరాల బిగుతు. మత్తు కలిగించని సీబీడీతో చేసిన ఎపిడియోలెక్స్‌ను అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో ఆమోదించింది. మామూలు మందులకు లొంగని డ్రావె, లెనాక్స్–గాస్టో అనే రెండు రకాల మూర్ఛలకు మొదట దాన్ని అనుమతించారు.

మత్తునిచ్చే టీహెచ్‌సీ వల్ల ప్రమాదాలు ఉన్నాయి. చిన్న వయసులో ఎక్కువగా వాడేవారిలో, కుటుంబంలో సైకోసిస్ చరిత్ర ఉన్నవారిలో మానసిక వ్యాధి ముప్పు పెరుగుతుంది. రక్తం పలచబరిచే మందులతోనూ, కొన్ని మూర్ఛ మందులతోనూ పడకపోవచ్చు. అందుకే వైద్యపరమైన అనుమతి కోరేవారి వాదన గంజాయిని విచ్చలవిడిగా అమ్మమని కాదు. డాక్టరు రాతతో, తెలిసిన మోతాదులో, పరీక్షించిన మందుగా ఇవ్వాలని.

రోగులే కదిలిన చోట

ఇతర దేశాల్లో మార్పు ప్రభుత్వాల చొరవతో రాలేదు. గ్లకోమాతో చూపు కోల్పోతున్న రాబర్ట్ రాండాల్, గంజాయి పెంచిన కేసులో అది తనకు వైద్య అవసరమని వాదించి 1976లో అమెరికా కోర్టులో గెలిచారు. ఎయిడ్స్ విజృంభించిన రోజుల్లో శాన్‌ఫ్రాన్సిస్కోలో రోగులు, వారి సంరక్షకులు చేసిన ఉద్యమం 1996లో కాలిఫోర్నియా ప్రజాభిప్రాయ సేకరణకు దారితీసింది. అలా ఆ రాష్ట్రం వైద్య వాడకాన్ని అనుమతించిన తొలి అమెరికా రాష్ట్రమైంది. బ్రిటన్‌లో తీవ్రమైన మూర్ఛ ఉన్న పిల్లల తల్లుల పోరాటంతో 2018 నవంబరు 1 నుంచి నిపుణులైన డాక్టర్లు ఈ మందులు రాసే వీలు కలిగింది.

భారత్‌లో ఎంతవరకు వచ్చింది

మన దేశంలో ప్రయత్నాలు చెదురుమదురుగా సాగాయి. పటియాలా ఎంపీగా ఉన్న డాక్టర్ ధరమ్‌వీర్ గాంధీ 2016లో ఎన్‌డీపీఎస్ సవరణకు ప్రైవేటు బిల్లు తెచ్చారు. అది చట్టం కాలేదు. గ్రేట్ లీగలైజేషన్ మూవ్‌మెంట్ ఇండియా ట్రస్ట్ గంజాయి నిషేధాన్ని సవాలు చేస్తూ 2019లో ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. జమ్మూలోని సీఎస్‌ఐఆర్ ప్రయోగశాల ఐఐఐఎం, ఔషధ పరిశోధన కోసం అనుమతితో సాగు చేస్తోంది. 2018లో ఉత్తరాఖండ్ నార కోసం సాగుకు లైసెన్సులివ్వడం మొదలుపెట్టింది. హిమాచల్ ప్రదేశ్ శాసనసభ 2024 సెప్టెంబరులో ఔషధ, పారిశ్రామిక సాగును అనుమతించే దిశగా తీర్మానించింది. 2025 జనవరిలో అక్కడి మంత్రివర్గం పైలట్ అధ్యయనానికి ఆమోదం తెలిపింది.

ఈ అడుగుల్లో చాలావరకు రైతును, పరిశ్రమను, పరిశోధకుడిని దృష్టిలో పెట్టుకున్నవి. మంచం మీద ఉన్న రోగికి మందు ఎలా చేరాలన్నది వాటి పరిధిలో లేదు. ఆంధ్రప్రదేశ్‌లో అయితే చర్చ అంతా పోలీసు కోణంలోనే సాగుతోంది. ఆపరేషన్ పరివర్తన పేరుతో మన్యంలో వేల ఎకరాల తోటలు నరికారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర సుమారు 2 లక్షల కిలోల గంజాయిని తగలబెట్టారు. అక్రమ రవాణాలో గిరిజన యువకులు కూలీలుగా చిక్కి ఏళ్ల తరబడి జైళ్లలో మగ్గుతున్న ప్రాంతంలో ఆ కోణాన్ని తప్పుపట్టలేం. కానీ దొంగ రవాణాను అరికట్టడం, రోగికి మందు అందించడం ఒకదానికొకటి విరుద్ధం కావని ఈ దేశంలోనే ఒకసారి రుజువైంది.

మార్ఫిన్ చెప్పిన పాఠం

నల్లమందును చట్టబద్ధంగా పండించి ప్రపంచానికి ఎగుమతి చేసే దేశం మనది. అయినా 1985 చట్టం తర్వాత దశాబ్దం తిరిగేసరికి దేశంలో వైద్యానికి వాడే మార్ఫిన్ 90 శాతానికి పైగా పడిపోయింది. చట్టం మార్ఫిన్‌ను నిషేధించలేదు. ఒక్కో రాష్ట్రానిది ఒక్కో నిబంధన, నాలుగైదు రకాల లైసెన్సులు, పొరపాటు జరిగితే కఠిన శిక్ష. దాంతో ఆసుపత్రులు మార్ఫిన్ నిల్వ ఉంచడమే మానేశాయి. క్యాన్సర్ రోగులు నొప్పితో అరుస్తూ చనిపోయారు.

కేరళలో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, ఆయన సహచరులు 1993లో కాలికట్‌లో పాలియేటివ్ కేర్ సొసైటీని ప్రారంభించి ఈ పరిస్థితిపై పోరాడారు. పాలియేటివ్ వైద్యులు, రోగుల కుటుంబాలు, న్యాయవాదులు కలిసి ఏళ్ల తరబడి రాష్ట్రాల చుట్టూ, కేంద్రం చుట్టూ తిరిగారు. సుప్రీంకోర్టు తలుపూ తట్టారు. చివరికి 2014లో పార్లమెంటు చట్టాన్ని సవరించింది. అత్యవసర మాదక ఔషధాలు అనే కొత్త వర్గం ఏర్పడింది. వాటి నిబంధనలు దేశమంతటికీ ఒకటే అయ్యాయి. గుర్తింపు పొందిన వైద్యసంస్థకు రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారి ఇచ్చే ఒక్క అనుమతి చాలు. 2015లో మార్ఫిన్, ఫెంటనిల్, మెథడోన్ సహా ఆరు మందులను ఈ వర్గంలో చేర్చారు.

చట్టంలో ఈ వర్గం నిర్వచనం చిన్నది: వైద్య, శాస్త్రీయ వాడకానికి కేంద్రం నోటిఫై చేసిన మాదకద్రవ్యం. అదే చట్టంలో మాదకద్రవ్యాల నిర్వచనంలో గంజాయి కూడా ఉంది. అంటే పరీక్షించి ఆమోదించిన గంజాయి మందును రోగికి అందించడానికి కొత్త చట్టమే రావాలన్న వాదన నిలవదు. కేంద్రం నోటిఫికేషన్, రాష్ట్రం నిబంధనలు ముందుకు నడిపించగలవు. ఆ రెండింటినీ అడిగే గొంతులే కావాలి.

ఇప్పుడు రోగి ఏం చేయవచ్చు

భంగు ఆకుతో చేసిన ఆయుర్వేద మందులు చట్టబద్ధంగానే ఉన్నాయి. ఆయుర్వేదంలో దీని పేరు విజయ. లైసెన్సు ఉన్న తయారీదారు మందునే అర్హత గల వైద్యుడి పర్యవేక్షణలో వాడాలి. వాడుతున్న మిగతా మందుల సంగతి ఆ వైద్యుడికి, ఇక్కడి సంగతి అల్లోపతి డాక్టరుకు తప్పక చెప్పాలి. గంజాయి గింజలు, గింజల నూనెను ఆహారంగా అమ్మడానికి ఆహార భద్రతా సంస్థ 2021 నవంబరులో అనుమతించింది. అయితే అవి పోషకాహారమే, నొప్పి మందు కావు. అమెరికాలో ఉన్న పిల్లలు అక్కడ చట్టబద్ధంగా కొన్న టీహెచ్‌సీ నూనెను అనుమతి లేకుండా ఇక్కడికి తెచ్చినా, పంపినా ఎన్‌డీపీఎస్ కింద నేరమే.

అన్నిటికంటే ముఖ్యమైంది, క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్ ఇప్పటికే చట్టబద్ధంగా ఉందన్న సంగతి. హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి వంటి చోట్ల పాలియేటివ్ విభాగాలు దీన్ని ఇస్తున్నాయి. ఖరిదాలోని కుటుంబమైనా, శ్రీకాకుళంలోని కుటుంబమైనా చికిత్స చేస్తున్న డాక్టరును మొదట అడగవలసింది దగ్గరలో మార్ఫిన్ ఇచ్చే గుర్తింపు ఉన్న ఆసుపత్రి ఏదని. చట్టం ఒప్పుకున్న మందు కూడా అడిగేవాళ్లు లేక రోగికి చేరని రోజులు ఈ దేశం చూసింది.