సద్ది కట్టిన చేతులు

స్త్రీలు ఒకచోట చేరిన ప్రతి సందర్భం వెనకా ఒక వంట ఉంటుంది. వాళ్లు ఏం పాడారు, ఏం మాట్లాడారు అన్నది ఇప్పుడిప్పుడే చరిత్రకెక్కుతోంది. ఆ వేళకి ఇల్లు కదిలి రావడానికి అంతకుముందు పొయ్యి దగ్గర ఏం చేసి వచ్చారన్నది మాత్రం ఎక్కడం లేదు. వరంగల్ ప్రాంతంలో మనమంతా ఎరిగిన సద్దుల బతుకమ్మను ఆ పొయ్యి వైపు నుంచి చూడాలన్నది నా ప్రయత్నం.

ముందు మాట సంగతి. పాత సాహిత్యంలో చల్ది, కోస్తాలో చద్ది, మా దగ్గర సద్ది. వండి, చల్లార్చి, తర్వాత తినడానికి ఉంచిన అన్నం. పొలానికి, ప్రయాణానికి మూటగట్టుకున్నదీ సద్దే. పదిహేనో శతాబ్దపు పోతన ఈ మాటకు సాహిత్యంలో శాశ్వతంగా చోటిచ్చాడు. భాగవతం దశమ స్కంధంలో కృష్ణుడూ గోపబాలురూ యమున ఒడ్డున చల్దులు తినే ఘట్టం తెలుగు చదువుకున్న వాళ్లందరికీ గుర్తే. ఎడమచేతిలో మీగడ పెరుగు కలిపిన ముద్ద, వేళ్ల సందుల్లో ఊరగాయ ముక్కలు, పిల్లల అల్లరి. తరగతిగదిలో ఆ పద్యాల సొగసు గురించి గంటలు చెప్తాం. ఆ ముద్ద కలిపి, మూటగట్టి, తెల్లవారకముందే పిల్లల చేతికిచ్చిన తల్లులు మాత్రం ఆ ఇసుకతిన్నె మీద లేరు. మన సామెతా అంతే. 'పెద్దల మాట చద్దిమూట' అంటాం. మాట చెప్పిన పెద్దలకు గౌరవం దక్కింది, మూట కట్టిన మనిషి ఊసే లేదు. పోతనను తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. సద్ది సాహిత్యంలోకి తినేవాళ్ల వైపు నుంచే వచ్చిందని గుర్తుచేస్తున్నానంతే.

పోతనదని చెప్పుకునే బమ్మెర ఒకప్పటి వరంగల్ జిల్లాలోనిదే, ఇప్పుడు జనగామ జిల్లాలో ఉంది. అదే నేలమీద సద్దిని చేసినవాళ్ల వైపు నుంచి చెప్పే సంప్రదాయం ఒకటుంది. అది బతుకమ్మ. తొమ్మిది రోజుల పేర్లు వరసగా చూడండి: ఎంగిలిపూల, అటుకుల, ముద్దపప్పు, నానబియ్యం, అట్ల, అలిగిన, వేపకాయల, వెన్నముద్దల, సద్దుల బతుకమ్మ. మొదటిరోజునూ ఆరోరోజునూ తీసేస్తే మిగిలినవన్నీ తిండి పేర్లే. ఆరోనాడు బతుకమ్మ అలిగిందని నైవేద్యమూ ఉండదు, పేర్చడమూ ఉండదు. పండుగ క్యాలెండర్‌లో వంటకు సెలవు రాసిపెట్టి ఉన్న రోజు మనకు ఇంకెక్కడైనా ఉందా?

ఇంకో సంగతి కూడా గమనించాలి. ముద్దపప్పు, అట్లు తప్పిస్తే ఇవన్నీ పొయ్యి దగ్గర నిలబడి అప్పటికప్పుడు వడ్డించాల్సినవి కావు. అటుకులు ముందే దంచినవి. బియ్యం ముందే నానబెట్టినవి. బియ్యప్పిండితో వేపకాయల్లా చేసి నూనెలో వేయించినవి నాలుగురోజులు నిలవుంటాయి. 'ఎంగిలిపూలు' అన్న మాటకు చెప్పే అర్థాల్లో ఒకటి, ముందురోజే తెంపి తెచ్చి నీళ్లు చల్లి ఉంచిన పూలు అని. అంటే ముందుగా తెచ్చిపెట్టుకున్న పూలతో మొదలైన పండుగ ముందుగా వండిపెట్టుకున్న అన్నంతో ముగుస్తుంది. సాయంత్రం ఆ రెండు గంటలు చేతులు ఖాళీగా ఉండాలన్న అవసరమే ఈ పండుగ తిండిని తీర్చిదిద్దిందని నాకనిపిస్తుంది.

తొమ్మిదోరోజు పని చూస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. ఆరోజు బతుకమ్మ పెద్దది. గునుగుపూలకు రంగులద్దాలి, తంగేడు వరసలు పేర్చాలి, పైన గుమ్మడిపువ్వుతో గౌరమ్మను నిలపాలి. దానికే గంటలు పడుతుంది. కాబట్టి మధ్యాహ్నానికల్లా సద్దులు అయిపోవాలి. చింతపండు పులిహోర, నిమ్మకాయ పులిహోర, కొబ్బరి సద్ది, నువ్వుల సద్ది, పెరుగు సద్ది అని ఐదు. అన్నం పలుకుగా వండి వెడల్పు పళ్లెంలో ఆరబోస్తారు. ఆరిన మెతుకు గట్టిపడుతుంది, అప్పుడు పులుసు కలిపినా ముద్దవదు. చింతపండు పులుపు, ఉప్పు, నూనె కలిసి అన్నాన్ని పాడుకానివ్వవు. పెరుగు సద్దిలో పెరుగుకన్నా పాలు ఎక్కువ పోసి కొంచెం తోడు కలిపితే చెరువుగట్టు మీద విప్పేసరికి పులియకుండా కమ్మగా తోడుకుంటుంది. వీటితోపాటు రొట్టెలు నలిపి బెల్లం, నెయ్యి కలిపిన మలీద. నువ్వులు, పల్లీలు, మక్కలు వేయించి బెల్లంతో దంచిన సత్తుపిండి రెండురోజుల ముందే తయారు. ఇదంతా ఒక విజ్ఞానం. ఏది ఎన్ని గంటలాగుతుంది, ఏది ఎప్పుడు కలపాలి అన్న లెక్క తల్లి నుంచి బిడ్డకు చేతిలో చేరింది తప్ప పుస్తకంలో చేరలేదు.

ఈ లెక్క మనదొక్కరిదే కాదు. సబ్బాతు రోజున నిప్పు రాజేయకూడదన్న నియమం వల్ల యూదు స్త్రీలు శుక్రవారం పొద్దుగుంకకముందే కుండను సన్నని సెగ మీద పెట్టేస్తారు. సెఫర్డీ ఇళ్లలో ఆ కుండలో గుడ్లు పెంకుతోనే రాత్రంతా ఉడికి గోధుమరంగు తేలతాయి. అమెరికాలో ఆదివారం బ్రంచ్‌కి రొట్టె ముక్కల మీద గుడ్లు, పాలు గిలకొట్టి పోసి, చీజ్ చల్లి, రాత్రి ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున ఓవెన్‌లోకి తోసే ఎగ్ క్యాసరోల్ ఉంది. అతిథులు వచ్చేవేళకి ఇల్లాలు వాళ్లతో కూర్చోవచ్చునన్నది దాని ఆకర్షణ. బ్రంచ్ అన్న మాటను 1895లో గై బెరింజర్ అనే ఇంగ్లిష్ రచయిత ఒక పత్రికావ్యాసంలో ప్రచారంలోకి తెచ్చాడు. ఆదివారం పొద్దున్నే లేవక్కర్లేదన్నది ఆయన వాదాల్లో ఒకటి. ఆ ఆలస్యపు భోజనాన్ని సిద్ధం చేసేవాళ్లు ఎప్పుడు లేవాలి?

ముందుగా వండిపెట్టుకోవడం చాకిరీని తగ్గించదు, దాన్ని ఇంకో గంటకు జరుపుతుంది. అసలు ప్రశ్న ఇక్కడుంది. 2024 జాతీయ టైమ్ యూజ్ సర్వే ప్రకారం ఇంటిపని చేసే స్త్రీలు జీతంలేని ఆ పనికి రోజుకు 289 నిమిషాలు వెచ్చిస్తే, చేసే పురుషులు వెచ్చించేది 88 నిమిషాలు. 2019 సర్వేలో స్త్రీలకు ఇది 299. అంటే ఐదేళ్లలో తగ్గింది 10 నిమిషాలు. ఈ లెక్కలో సద్దుల రోజు పొద్దున నాలుగింటికి లేచిన మనిషి సాయంత్రం 'ఖాళీ' ఎక్కడ కనిపిస్తుంది? మా ఇంట్లో అమ్మ బతుకమ్మ ఆడేటప్పుడు ఆమె ముఖంలో ఉండే వెలుగు నాకు తెలుసు, తిరిగొచ్చి గిన్నెలు తోమేటప్పటి నడుమునొప్పీ తెలుసు. రెండూ నిజమే. ఒకదాన్ని పండుగ అనీ రెండోదాన్ని అలవాటు అనీ పిలుస్తున్నాం.

అలాగని ఆ సాయంత్రాన్ని చిన్నచూపు చూడలేం. హనుమకొండ పద్మాక్షి గుట్ట దగ్గర సద్దులనాడు చేరే వేలమంది స్త్రీలు ఎవరి అనుమతీ అడగకుండా చీకటిపడేదాకా బయట ఉంటారు. వాళ్ల చేతిలోని సద్దిడబ్బా ఒకవిధంగా ఆ అనుమతి పత్రం. 'వంట చేసిపెట్టాను' అన్న ఒక్క మాటతోనే చాలామందికి గడప దాటే వీలు దొరుకుతుంది. ఈ బేరం న్యాయమైనది కాదు. కానీ మన ముందుతరాలు ఆ బేరంలోనే తమకు కొంత స్థలం సంపాదించుకున్నాయి.

ఆ స్థలం అందరిదీ కాదన్నది ఇంకో చేదునిజం. నీళ్లలో బతుకమ్మను వదిలాక సద్దులు ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకుంటారు. కానీ అన్నం ఎవరి చేతిది అన్న ప్రశ్న మన సమాజంలో కులం ప్రశ్న. పలు ఊళ్లలో దళిత స్త్రీలు తమ వాడలోనే వేరుగా ఆడుకోవాల్సివచ్చింది. గుట్టల్లో తిరిగి తంగేడు, గునుగు తెంపి తెచ్చి నగరంలో అమ్మే శ్రామిక స్త్రీలకు సద్దులనాడు పని ఇంకా ఎక్కువ. వాళ్ల సద్ది ఎప్పుడు కట్టుకోవాలి? బతుకమ్మను స్త్రీల ఐక్యతకు ప్రతీక అనేముందు ఎవరి పళ్లెం ఎవరి దాకా పోయిందో చూడాలి.

సద్దికి రాజకీయ చరిత్ర కూడా ఉంది. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' తెలంగాణ సాయుధపోరాటంలోని స్త్రీల జ్ఞాపకాలను వాళ్ల మాటల్లోనే నమోదు చేసింది. దళాలకు అన్నం పెట్టడం, దాచడం, కబురు చేరవేయడం అందులో విడదీయలేనంతగా కలిసిపోయి ఉంటాయి. పోలీసుల కళ్లుగప్పి అన్నం పంపిన మనిషి చేసింది పోరాటమా, వంటా? 1951లో పోరాటం విరమించాక ఇంటికి వెళ్లమన్నప్పుడు చాలామంది స్త్రీలకు ఎదురైన ప్రశ్న ఇదే. వాళ్ల పనిని వంటగా లెక్కవేస్తే తిరిగి వంటింటికి పంపడం తేలిక.

2014లో కొత్త రాష్ట్రం బతుకమ్మను రాష్ట్ర పండుగగా ప్రకటించింది. 2017లో చీరల పంపిణీ మొదలైంది. వేదికలు, దీపాలు, మైకులు వచ్చాయి. గుర్తింపు మంచిదే. అయితే గుర్తింపంతా ఆట దగ్గరే ఆగింది. సద్దుల బతుకమ్మ గురించి రాసే పరిశోధనల్లో పాటల సేకరణ చాలా ఉంది. ఆ పాట పాడడానికి ముందు ఆమె ఎన్నింటికి లేచింది, ఆరోజు బియ్యం ఎవరు కడిగారు, ఆమె లేని రెండు గంటలు పసిపిల్లను ఎవరు చూశారు అని అడిగినవి బహుతక్కువ. మనలో క్షేత్రపర్యటనకు వెళ్లేవాళ్లు ఈసారి రికార్డర్ ఆన్ చేశాక పాటకన్నా ముందు ఈ మూడు ప్రశ్నలు అడగాలి. పనిలోపనిగా, మన సాహిత్య సభలకు మధ్యాహ్న భోజనం ఎవరు వండుతున్నారో కూడా రాసిపెట్టుకుందాం.