దూరదర్శనికి చేరువ ట్రాన్స్‌మిటరు

రేడియో యున్న యింటివారికి ప్రసార తరంగములను వేరుగా పరిచయము చేయనక్కరలేదు. కార్యక్రమ పత్రికలో మీటర్లు, కిలోసైకిళ్లు చూచుకొని, ముల్లు త్రిప్పి, కావలసిన కేంద్రమును పట్టుకొనుట ఆంధ్రదేశమున తరతరముల అలవాటు. 1948లో విజయవాడ కేంద్రము, 1963లో విశాఖపట్టణ కేంద్రము వెలసిన పిమ్మట కోస్తా జిల్లాల మారుమూల పల్లెకు సైతము తెలుగు మాట గాలిలో చేరువైనది. రేడియోకు తోబుట్టువైన టెలివిజన్ మాత్రము అంత సులభముగా పల్లెకు రాలేదు. అది వచ్చిన తీరును, దాని నేలబారు మార్గము మూతపడిన తీరును చరిత్రగా చెప్పుకొనవలసిన కాలము వచ్చినది. అందుకు మేము చీడికాడను ఉదాహరణముగా గైకొనుచున్నాము.

చీడికాడ చోడవరము ప్రాంతమునందలి మండల కేంద్రము. చిరకాలము విశాఖపట్టణము జిల్లాలో నుండి, 2022 ఏప్రిల్‌లో అనకాపల్లి జిల్లా ఏర్పడినప్పుడు అందు చేరినది. ఒకవైపు వరి, చెరకు పండు మైదానము. మరియొకవైపు మాడుగుల, పాడేరు దిక్కునకు లేచిపోవు తూర్పు కనుమలు. కొండల మొదట కోనాము జలాశయము. విశాఖపట్టణము ఇచటికి ఆగ్నేయముగా, గగనమార్గమున 45, 50 కిలోమీటర్ల నడుమ నున్నది. ఈ దూరమును, ఈ కొండలును మన కథలో ముఖ్య పాత్రలు.

రేడియోలోని మధ్యమ తరంగములు భూమి వంపును అంటిపెట్టుకొని చాలదూరము పోగలవు. టెలివిజన్ తరంగములు అట్లు కావు. వాని పౌనఃపున్యము మిక్కిలి హెచ్చు. అవి దాదాపు చూపువలె తిన్నగా పోవును. కావున ట్రాన్స్‌మిటరు ఏరియల్ ఎంత ఎత్తున నున్నదో, ఇంటిపై ఏరియల్ ఎంత ఎత్తున నున్నదో అను రెండు లెక్కలపై అంతయు ఆధారపడును. 100 మీటర్ల ఎత్తుననున్న ఏరియల్‌కు దిగంతము సుమారు 41 కిలోమీటర్లు. ఇంటిపై 9 మీటర్ల గడ నాటినచో దానికి మరి 12 కిలోమీటర్లు. రెండును కలిపిన 53 కిలోమీటర్లు. చీడికాడవంటి ఊరు సరిగా ఈ అంచుననే పడును. పట్టణమున గదిలోని చిన్న కడ్డీతో కనబడు బొమ్మకు, ఇచట పొడవైన గడయు, బూస్టరును ఎందుకు కావలసివచ్చినవో ఈ లెక్క చెప్పును. నడుమ ఒక గుట్ట అడ్డువచ్చినచో ఆ లెక్కయు తప్పును.

మన దేశమున టెలివిజన్ 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో మొదలైనది. ఎన్నో ఏండ్లు అది రాజధాని వేడుకగానే మిగిలినది. తెలుగు పల్లెలు దానిని మొదట చూచినది పట్టణపు ట్రాన్స్‌మిటరు వలన కాదు, ఉపగ్రహము వలన అనుట వింతగా తోచవచ్చును. 1975 ఆగస్టు 1 నుండి ఒక సంవత్సరము, అమెరికా వారి ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహము సహాయముతో మన ప్రభుత్వము ఆరు రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములకు కార్యక్రమములు ప్రసారము చేసినది. కర్నూలు, మహబూబునగరు మొదలగు జిల్లాల గ్రామములు అందుండెను. తీగవలతో అల్లిన గొడుగువంటి ఏరియల్ క్రింద, ఊరందరికి ఒకటే సెట్టు. వ్యవసాయము, ఆరోగ్యము, పిల్లల చదువు అందలి విషయములు. 1976 జూలై 31తో ఆ ప్రయోగము ముగిసినది. ఉపగ్రహము పరులది, గడువు తీరగానే వారు దానిని తీసికొనిపోయిరి. అలవాటుపడిన కన్నులకు తెర చీకటి యయ్యెను.

దానినుండి మన వారు నేర్చిన పాఠము స్పష్టము. ఆకాశమునుండి వచ్చు ప్రసారమునకు భూమిమీద మనదియైన ఆధారము ఒకటి ఉండవలెను. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము 1977 అక్టోబరు 23న ప్రారంభమైనది. 1982 ఆగస్టు 15న జాతీయ కార్యక్రమమును, అదే యేట రంగుల ప్రసారమును వచ్చినవి. 1983లో మనదైన ఇన్సాట్-1బి కక్ష్యకు చేరినది. 1984లో కొన్ని నెలలపాటు దినమునకు ఒకటి చొప్పున చిన్న ట్రాన్స్‌మిటర్లు దేశమంతట నెలకొల్పిరి. ఢిల్లీ కార్యక్రమము ఉపగ్రహమునకెక్కి, అచటినుండి జిల్లా పట్టణపు ట్రాన్స్‌మిటరుకు దిగి, ఆ ట్రాన్స్‌మిటరునుండి చుట్టుపట్ల ఇండ్లకు ప్రాకెడిది. నూరు వాట్ల చిన్న ట్రాన్స్‌మిటరుకు పదునైదు, ఇరువది కిలోమీటర్ల వ్యాప్తి. పది కిలోవాట్ల పెద్దదానికి అంతకు మూడు నాలుగింతలు. పెద్దదాని వ్యాప్తికి అంచున, చిన్నదానికి అందక నుండు పల్లెల వరుసలోనిదే చీడికాడ.

ఈ ఏర్పాటునందలి విశేషమును గమనింపవలెను. రేడియోకు, టెలివిజన్‌కు తపాలా కార్యాలయమున లైసెన్సు కట్టు పద్ధతి 1980ల నడుమ తొలగిపోయినది. పిమ్మట ఏరియల్ నిలిపిన ప్రతివాడును చూడవచ్చును. నెలనెల చందా లేదు. ఎవరు చూచుచున్నారో వ్రాసికొను లెక్కయు లేదు. ఊరి చెరువునుండి కడవతో నీరు ముంచుకొనువారి పేర్లు ఎవరును వ్రాసికొనరు గదా! ఆ చెరువువంటిదే చేరువ ట్రాన్స్‌మిటరు.

అయినను లోపములు లేకపోలేదు. కొండల ప్రక్కనున్న ఊళ్లలో ప్రతిబింబము పెద్ద బాధ. తరంగము తిన్నగా ఒకసారి వచ్చి, కొండకు తగిలి మరియొకసారి వచ్చును. రెండవ దారి మూడు కిలోమీటర్లు ఎక్కువైనచో పది మైక్రోసెకన్ల ఆలస్యము. తెరపై ఒక గీత గీయుటకు పట్టు కాలము ఏబది రెండు మైక్రోసెకన్లే. కావున రెండవ బొమ్మ మొదటి బొమ్మకు ప్రక్కగా, తెర వెడల్పులో అయిదవ వంతు దూరమున, నీడవలె నిలిచెడిది. దూరము వలన తరంగము బలహీనమైనచో తెరనిండ తెల్లని చుక్కలు. వార్తలు చదువువారికి ప్రక్కన వారి నీడయు చదివెడిదని నవ్వుకొన్న ఇండ్లు ఎన్ని యుండెనో!

ఈ రెండు బాధలకును మందు డిజిటల్ పద్ధతియే. ఇందు బొమ్మను, ధ్వనిని అంకెలుగా మార్చి, ఆ అంకెలను వేలకొలది సన్నని వాహక తరంగములపై పంచిపెట్టుదురు. ప్రతి అంకెల కట్టకు ముందు కొంచెము విరామము ఉంచుదురు. ఆలస్యముగా వచ్చిన ప్రతిధ్వని ఆ విరామములో పడి అణగిపోవును గాని, బొమ్మను చెరుపదు. అందుచే ప్రతిబింబము మాయమగును. అంతేకాదు, ఒకే చానలుపై పక్కపక్కన పలు చిన్న ట్రాన్స్‌మిటర్లను నడుపవచ్చును. కొండ నీడలోనున్న లోయకు ఒక చిన్నదానిని అమర్చినచో పెద్దదానితో తగవు రాదు. ఒక కార్యక్రమము పట్టిన చోట అయిదారు కార్యక్రమములు పట్టును. దోషమొక్కటి: తరంగము చాలినంతవరకు బొమ్మ నిర్మలము, చాలకపోయిన క్షణమున బొమ్మయే లేదు. పూర్వమువలె చుక్కలలో తడవుకొని చూచుట సాధ్యపడదు. అంచుననున్న ఊరికి సర్దుబాటు లేదు; చేరువ ట్రాన్స్‌మిటరే శరణ్యము.

లోకము ఈ మార్గమును ఎట్లు పట్టినదో చూతము. బ్రిటనులో భూతల డిజిటల్ ప్రసారము 1998లో మొదలై, పాతపద్ధతి 2012 అక్టోబరులో పూర్తిగా ఆగిపోయినది. జర్మనీలో బెర్లిను నగరము 2003లోనే పాతదానిని విడిచినది. జపానులో 2006 ఏప్రిల్ నుండి అదే చానలులో కొంత భాగమును చేతిలోని ఫోనులకు కేటాయించి, చందా లేకుండ ప్రసారము సాగించిరి. మన తెలుగువారి సంతతి నివసించు మారిషస్ ద్వీపములో 2005లోనే డిజిటల్ భూతల ప్రసారము మొదలైనది. కొరంగి రేవునుండి ఓడలెక్కిపోయిన కూలీల మునిమనుమలు ఇంటిపై ఏరియల్‌తో ఈ నూతన పద్ధతిని చూచిరి. వారి పూర్వులు విడిచివచ్చిన కోస్తాకు మాత్రము అది అప్పటికి రాలేదు.

భారతదేశమున డీవీబీ-టీ2 అను మెరుగైన పద్ధతి గైకొనబడినది. 2016 ఫిబ్రవరిలో దూరదర్శన్ పదునారు నగరములలో ఈ ప్రసారమును ప్రకటించినది. ఢిల్లీ, ముంబయి, కోల్కతా, చెన్నై, బెంగుళూరు, అహమ్మదాబాదు, లక్నో, పాట్నా, రాంచీ, కటకము, రాయపూరు, గౌహతి మొదలగునవి అందున్నవి. చెన్నై కలదు, కటకము కలదు. నడుమనున్న తెలుగు తీరమున ఒక్క నగరమును లేదు, హైదరాబాదును లేదు. చిన్న పరికరము ఒకటి ఫోనుకు తగిలించినచో ఆ నగరములలో జాతీయ చానలు, వార్తలు, క్రీడలు, భారతి మొదలగునవి చందా లేకుండ, ఇంటర్నెట్టు ఖర్చు లేకుండ కనబడెను. విశాఖపట్టణమునకు గాని, దాని వెనుకనున్న చీడికాడకు గాని ఆ అనుభవము ఆనాడు కలుగలేదు.

అటు డిజిటల్ విస్తరింపకముందే, ఇటు పాత ట్రాన్స్‌మిటర్లను మూయుట ఆరంభమైనది. 2017-18 నుండి విడతలుగా వందలకొలది మూతపడినవి. 2022 మార్చి నాటికి సరిహద్దులవంటి ముఖ్య స్థానములలోని సుమారు ఏబది తప్ప తక్కినవానిని తొలగింప నిశ్చయించిరి. ఇందుకు ప్రభుత్వము వారు చెప్పిన కారణములు కొట్టివేయదగినవి కావు. ఏరియల్‌తో చూచువారు తగ్గిపోయిరి. విద్యుత్తు, సిబ్బంది ఖర్చు మిగులును. ఖాళీయైన పౌనఃపున్యములు ఫోను సేవలవంటి క్రొత్త అవసరములకు పనికివచ్చును. మరియు 2004 డిసెంబరులో ప్రారంభమైన డీడీ డైరెక్ట్ ప్లస్, పిమ్మట ఫ్రీ డిష్ అను పేరుతో, చందా లేని ఉపగ్రహ ప్రసారమును కోట్ల ఇండ్లకు చేర్చినది. ఒక్కసారి గిన్నె, పెట్టె కొన్నచో చాలును. చీడికాడ మిద్దెపై గిన్నెకు కొండ అడ్డము రాదు. ఆకాశమున నిట్టనిలువునకు దగ్గరగా నున్న ఉపగ్రహమును అది చూచును. 2014 నుండి ఆంధ్రప్రదేశమునకు సప్తగిరి, తెలంగాణమునకు యాదగిరి అను దూరదర్శన్ చానళ్లు వేరువేరుగా నడచుచున్నవి. కావున బొమ్మ పోయినదని ఎవరును అనజాలరు. చీడికాడ నేడు మునుపటికంటె ఎక్కువ చూచుచున్నది.

మరి పోయినదేమి? చేరువతనము పోయినది. ఇది భావావేశము కాదని నిరూపింపవలసియున్నది. 1995 ఫిబ్రవరిలో సుప్రీము కోర్టు, క్రికెట్ పోటీల ప్రసారమును గూర్చిన వ్యాజ్యమున, వాయుతరంగములు ప్రజల సొత్తు అని తీర్పు చెప్పినది. ప్రజల సొత్తును ప్రజలే నేరుగా అనుభవింపగల సాధనము చేరువ ట్రాన్స్‌మిటరు. ఉపగ్రహము దేశమంతటికి ఒకే మాట చెప్పును. ఒక జిల్లాకు మాత్రమే కావలసిన మాట చెప్పవలెనన్న దేశమంతటి చోటును దానికి కేటాయింపవలెను. ఫోనుపై వచ్చు బొమ్మకు ప్రతి చూపరికిని వేరు వేరు లెక్క, వేరు ఖర్చు. చూచువారు పెరిగినకొలది దారి ఇరుకగును. గాలిలోని ప్రసారమునకు చూచువారు పదిమందియైనను పదివేలమందియైనను ఖర్చు ఒక్కటే.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణము చెంత తీరము దాటినది. విద్యుత్తు, టెలిఫోను, కేబులు తెగి, పట్టణమే దినములతరబడి లోకముతో సంబంధము కోల్పోయినది. అట్టివేళ కొండమీది స్తంభమును గాలికి నిలుచునని ఎవరును హామీ ఇయ్యలేరు; అది యొప్పుకొనవలసిన మాట. అయినను ఒక్క స్తంభమును నిలబెట్టి, ఒక్క జనరేటరును నడిపినచో, ఏబది కిలోమీటర్ల ఆవరణలో బ్యాటరీ రేడియోయో, తరంగమును నేరుగా అందుకొనగల చిన్న సెట్టో ఉన్న ప్రతి యింటికిని నీటిమట్టము, సహాయశిబిరము, మూసిన దారి తెలియజేయవచ్చును. వేయి స్తంభముల వల తెగినచో బాగుచేయుటకు వేయి చోట్లకు పోవలెను. తీరమున నివసించువారికి ఈ తేడా ప్రాణముతో సమానము.

2021లో ప్రసార భారతి ఐఐటి కాన్పూరుతో కలిసి, ఇంటర్నెట్టు లేకుండ ఫోనుకే నేరుగా ప్రసారము చేయు పద్ధతిని పరిశోధింప నిశ్చయించుకొన్నది. అది ఫలించునో లేదో కాలము చెప్పును. ఫలించినచో చేరువ ట్రాన్స్‌మిటరు మరల క్రొత్త రూపమున వచ్చినట్లే. ఆనాడు మేము ఒక్క విషయమును విన్నవింపదలచుచున్నాము. 1959లో ఢిల్లీతో మొదలిడినాము; 2016లో పదునారు పెద్ద నగరములతో మొదలిడినాము; రెండు మారులును అంచుననున్న ఊరు వేచియుండెను. డిజిటల్ తరంగమునకు అంచున సగము బొమ్మ యుండదని పైన చెప్పితిమి. కావున వ్యాప్తిని కొలుచునప్పుడు నగరము నడిబొడ్డున కాక, కొండ మొదటనున్న ఇంటి మిద్దెపై కొలువవలెను. చీడికాడలో తొమ్మిది మీటర్ల గడపై తరంగము చాలినచో, విశాఖపట్టణమునకు చాలినదా యని వేరుగా అడుగనక్కరలేదు.